సముద్రం ఎత్తు పెరిగిందా, బరువు పెరిగిందా?

ప్లేనో (టెక్సస్): 2024లో ప్రపంచ సముద్ర మట్టం సగటున 0.59 సెంటీమీటర్లు పెరిగిందని నాసా 2025 మార్చిలో ప్రకటించింది. శాస్త్రవేత్తలు ముందుగా వేసుకున్న అంచనా 0.43 సెంటీమీటర్లు. తేడా మిల్లీమీటరున్నర. ఇంత చిన్న అంకె వార్త ఎలా అయిందని చాలామంది పక్కన పెట్టేశారు. అసలు సంగతి ఆ ప్రకటనలోనే ఇంకొంచెం కింద ఉంది. కొన్నేళ్లుగా సముద్ర మట్టం పెరుగుదలలో దాదాపు మూడింట రెండు వంతులు భూమ్మీది మంచు కరిగి చేరే నీటి వల్ల, మిగిలిన వంతు ఉన్న నీరే వేడెక్కి వ్యాకోచించడం వల్ల వస్తోంది. 2024లో ఇది తలకిందులైంది. రెండు వంతులు వేడి వల్ల, ఒక్క వంతు కరిగిన మంచు వల్ల.

ఈ మాట చెప్పగలగాలంటే సముద్రం ఎంత ఎత్తు లేచిందో తెలిస్తే సరిపోదు. ఎంత బరువెక్కిందో కూడా తెలియాలి. బరువు తెలిసేది సముద్రం అడుగున పడే పీడనం ద్వారా. ఈ విషయం మన పత్రికల్లో పెద్దగా రాదు. కానీ కాకినాడ, మచిలీపట్నం, విశాఖ తీరాల్లో ఇల్లో పొలమో ఉండి, తల్లిదండ్రులు అక్కడ ఉండి, మనం ఇక్కడ డాలస్ శివార్లలో ఉన్నవాళ్లకు ఇది తెలుసుకోదగ్గ విషయమే.

మన వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద రెండు రకాల సందేశాలు తిరుగుతుంటాయి. ఒకటి: ఇంకో పాతికేళ్లలో వైజాగ్ మునిగిపోతుంది. రెండోది: మా తాతల కాలం నుంచీ సముద్రం అక్కడే ఉంది, ఇదంతా విదేశీ సంస్థల హడావిడి. మొదటివాళ్లు ఉప్పాడ ఫొటో పెడతారు. రెండోవాళ్లు ఏదో రేవులో పాత మెట్ల ఫొటో పెడతారు. నిజానికి ఇద్దరూ మూడు వేరు వేరు ఖాతాలను ఒకే పద్దులో రాస్తున్నారు. నీటి ఎత్తు ఒక ఖాతా, నీటి బరువు ఒక ఖాతా, మన కాళ్ల కింది నేల మరో ఖాతా.

బాణలిలో నూనె

తూకం మీద బాణలి పెట్టి, అందులో నూనె పోసి కింద మంట పెట్టామనుకోండి. నూనె వేడెక్కే కొద్దీ మట్టం కాస్త పైకి వస్తుంది. తూకం ముల్లు కదలదు. ఇంకో గరిటెడు నూనె పోస్తే మట్టమూ పెరుగుతుంది, ముల్లూ కదులుతుంది. సముద్రమూ అంతే. వేడెక్కి ఉబ్బినా, మంచినీరు కలిసి పలుచబడినా ఎత్తు పెరుగుతుంది గానీ అడుగున పీడనం దాదాపు మారదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా, హిమాలయాల మంచు కరిగి వచ్చి చేరితే అడుగున పీడనం పెరుగుతుంది. ఒక సెంటీమీటరు మందం నీరు అదనంగా చేరితే అడుగున సుమారు ఒక మిల్లీబారు పీడనం పెరుగుతుంది. గుర్తుంచుకోవడానికి ఇంత సులువైన లెక్క సైన్సులో అరుదు.

మరి మూడు కిలోమీటర్ల లోతున ఒక మిల్లీబారు తేడా ఎలా కనిపెడతారు? అక్కడ ఉండే మొత్తం పీడనం గాలి పీడనానికి సుమారు 300 రెట్లు. అందులో మూడు లక్షల్లో ఒక వంతు మార్పును పట్టుకోవాలి. పట్టుకునే మీటర్లు ఉన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రంలో అలాంటి హెచ్చరిక వ్యవస్థ లేదు. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2007 అక్టోబరు నుంచి అది పనిచేస్తోంది. సముద్రం అడుగున కూర్చున్న మీటరు పీడనాన్ని కొలిచి, ధ్వని తరంగాలతో పైన తేలే బోయాకు పంపుతుంది. బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాద్‌కు. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రం బరువు చూస్తున్నారన్నమాట.

ఈ మీటర్ల విలువ హెచ్చరించడంలో ఎంత ఉందో, హెచ్చరికను వెనక్కి తీసుకోవడంలోనూ అంతే ఉంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంత పెద్ద అంకె వింటే ఎవరికైనా 2004 గుర్తొస్తుంది. కానీ ఆ రోజు భూఫలకాలు పక్కకు జరిగాయి గానీ నీటిని పైకి ఎత్తలేదు. అడుగు మీటర్లు చూపింది కొద్ది సెంటీమీటర్ల అలలే. తీరంలో లక్షలమందిని ఊళ్లు ఖాళీ చేయించే అవసరం రాలేదు.

అయితే ఈ మీటర్లకు ఒక బలహీనత ఉంది. నిమిషాల్లో, గంటల్లో వచ్చే మార్పును అద్భుతంగా పడతాయి. ఏళ్ల మీద వచ్చే మార్పును నమ్మలేం. ఎందుకంటే అంత పీడనం కింద సెన్సరే నెమ్మదిగా దారి తప్పుతుంది. ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్ల సముద్రపు మార్పు ఆ తప్పులో కలిసిపోతుంది. ప్రొడక్షన్ సర్వర్ గడియారం రోజుకో సెకను జారిపోతుంటే లాగ్‌లు చూసి ఏం తేల్చగలం? అదే బాధ.

టెక్సస్ నుంచి తూకం

ఏళ్ల లెక్క ఆకాశం నుంచి వచ్చింది. దాని పుట్టిల్లు మనకు మూడున్నర గంటల దూరంలో ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ స్పేస్ రీసెర్చ్ ఉంది. అక్కడి బైరన్ ట్యాప్లీ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న గ్రేస్ ఉపగ్రహాల జంటను నాసా, జర్మనీ అంతరిక్ష సంస్థ కలిసి 2002 మార్చి 17న ప్రయోగించాయి. రెండు ఉపగ్రహాలు ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతాయి. కింద ఎక్కువ బరువున్న చోటు వస్తే ముందుది కాస్త ముందుగా లాగబడుతుంది, ఎడం మారుతుంది. ఆ మార్పును వెంట్రుక మందంలో పదో వంతు కంటే తక్కువ స్థాయిలో కొలుస్తారు. ఫొటోలు తీయదు, రాడార్ కిరణం కిందికి పంపదు. గురుత్వాకర్షణను మాత్రమే చూస్తుంది. నెలకోసారి భూమి మీద నీరు ఎక్కడ చేరింది, ఎక్కడ తగ్గిందో పటం ఇస్తుంది. 2017లో ఆ జంట పని ముగిసింది. 2018 మే 22న గ్రేస్ ఫాలో-ఆన్ జంట వెళ్లింది. మధ్యలో దాదాపు ఏడాది ఖాళీ. ఆ ఖాళీని పూడ్చడానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు.

ఎత్తు కొలిచే ఉపగ్రహాలు వేరు. 1992లో వెళ్లిన టోపెక్స్ పొసైడాన్, తర్వాత జేసన్ ఉపగ్రహాలు, ఇప్పుడు సెంటినెల్-6. ఈ కుటుంబంలో మన శ్రీహరికోట నుంచి 2013 ఫిబ్రవరి 25న వెళ్లిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్ కూడా ఉంది. నీరు ఎంత వేడెక్కిందో, ఎంత ఉప్పగా ఉందో చెప్పేవి ఆర్గో ఫ్లోట్లు. ప్రపంచమంతా దాదాపు నాలుగు వేలు. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ కొలతలు తీసుకుంటాయి. అంటే మూడు వేరు వేరు యంత్రాంగాలు. మొదటిది మొత్తం ఎత్తు చెబుతుంది. రెండోది బరువు వల్ల వచ్చిన ఎత్తు, మూడోది ఉబ్బడం వల్ల వచ్చిన ఎత్తు. రెండోదీ మూడోదీ కలిపితే మొదటిదానికి సరిపోవాలి.

సముద్ర మట్టం పెరుగుదలను నేను నమ్మడానికి కారణం ఈ జమాఖర్చే. ఎవరి భయమో, ఎవరి సినిమానో కాదు. 2016 తర్వాత కొన్నేళ్లు ఈ లెక్క కుదరలేదు. మొత్తం ఎత్తు ఒక మాట, మిగిలిన రెండింటి కూడిక ఇంకో మాట చెప్పాయి. దాచిపెట్టలేదు, పత్రాలు రాసి మరీ చర్చించారు. చివరకు తేలిందేమిటంటే, కొన్ని ఆర్గో ఫ్లోట్లలో ఉప్పు కొలిచే సెన్సర్లు తప్పు చూపుతున్నాయి. జేసన్-3లో గాలి తేమను కొలిచే పరికరం కూడా కొద్దిగా దారి తప్పింది. ఒకదాన్ని ఇంకొకటి పట్టిచ్చింది. ఒక్కటే యంత్రం ఉండి ఉంటే ఆ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

2010-11లో ఇంకో వింత జరిగింది. సముద్ర మట్టం సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గింది. వాతావరణ మార్పు అబద్ధమనేవాళ్లకు పండగే. ఎత్తు మాత్రమే చూస్తే వాళ్లతో వాదించలేం. గ్రేస్ చూస్తే సముద్రం బరువే తగ్గింది. ఆ నీరు ఎక్కడికి పోయింది? లా నినా వానలు ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా నేలల మీద కురిసి అక్కడే ఆగిపోయాయి. ఆస్ట్రేలియా మధ్యలో పడ్డ నీరు సముద్రానికి చేరే దారి లేక నిలిచిపోయింది. తర్వాత నీరు తిరిగొచ్చింది, మట్టమూ పెరిగింది.

ఇంకో చిన్న సంగతి. ఇంత బరువు చేరుతుంటే సముద్రపు అడుగు కూడా కుంగుతుంది. ఏడాదికి సుమారు 0.13 మిల్లీమీటర్లని 2017లో డచ్ పరిశోధకులు లెక్క కట్టారు. అంటే పై నుంచి ఎత్తు కొలిచే ఉపగ్రహాలు అసలు చేరిన నీటిని కొంచెం తక్కువ చేసి చూపుతున్నాయి.

మన బంగాళాఖాతం కథ వేరు

సగటు అంకెలు ఎవరి ఊరికీ సరిగ్గా వర్తించవు. మన తీరం దగ్గర ఎత్తు ఒక దారి, బరువు ఒక దారి పట్టడం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పే పాత లెక్క ఒకటుంది. బ్రిటిష్ కాలం నుంచి నేల మీద మట్టాలు కొలుచుకుంటూ వచ్చిన సర్వేయర్లకు విశాఖపట్నం దగ్గర సగటు సముద్ర మట్టం ముంబయి దగ్గర కంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తుగా కనిపించింది. ఒకే దేశం, రెండు తీరాలు, అడుగు తేడా. కొలతలో తప్పేమో అనుకోవచ్చు. గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థకు చెందిన శంకర్, శెట్యే 2001లో దీనికి కారణం చెప్పారు. ప్రధానంగా ఉప్పు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇటే వచ్చి పడతాయి. బంగాళాఖాతం నీరు అరేబియా నీటి కంటే పలుచన. పలుచని నీరు అదే బరువు తూగాలంటే ఎక్కువ ఎత్తు నిలబడాలి. మన సముద్రం ఎత్తయినది, అంతమాత్రాన బరువైనది కాదు.

ఇదే కారణంగా, దానికి తీరం వెంబడి దిశ మార్చుకునే ప్రవాహాలు తోడై, విశాఖ దగ్గర సముద్రం ఏటా ఊపిరి పీల్చి వదులుతుంది. మార్చి ప్రాంతంలో బాగా దిగువన, అక్టోబరు-నవంబరులో బాగా ఎగువన ఉంటుంది. ఈ ఏటి ఊపు కొన్ని పదుల సెంటీమీటర్లు. విశాఖ రేవులో గత శతాబ్దం కొలతల్లో కనిపించిన దీర్ఘకాలిక పెరుగుదల ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే ఒక మనిషి జీవితకాలంలో వచ్చిన పెరుగుదల కంటే ఒకే ఏడాదిలో సముద్రం ఆడే ఆటే ఎక్కువ. 'మా తాతల కాలం నుంచీ అక్కడే ఉంది' అనేవాళ్లకు అలా అనిపించడం సహజమే. కంటికి తెలియదు. కానీ గమనించండి, ఆ ఎగువ నెలలే మనకు తుపాను నెలలు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అలాంటి నెలలోనే వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. తుపాను కేంద్రంలో గాలి పీడనం మామూలు కంటే సుమారు 65-70 మిల్లీబార్లు పడిపోయింది. మిల్లీబారుకు సెంటీమీటరు లెక్కన దాని వల్ల నీరు లేచేది 65-70 సెంటీమీటర్లు. ఆ రోజు వచ్చిన ఉప్పెన ఎత్తు సుమారు ఐదు మీటర్లు. మిగిలిందంతా గాలి తోసుకొచ్చిన నీరు. గాలి పీడనం తగ్గి లేచిన నీటికి అడుగున బరువు తేడా రాదు. పైన గాలి తగ్గినంత కింద నీరు పెరిగి లెక్క సరిపెడుతుంది. గాలి తోసిన నీరు మాత్రం నిజంగా వచ్చి చేరిన నీరు. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి కిందికి పోయే దారి లేదు, పైకే లేచింది.

లోతు తక్కువ కావడం ఇంకో రకంగానూ మనకు ఎదురు తిరుగుతుంది. వేడెక్కి ఉబ్బాలంటే నీరు ఉండాలి కదా. కాకినాడ దగ్గర పది మీటర్ల లోతు నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఉబ్బేది సుమారు మూడు మిల్లీమీటర్లు. నడి సముద్రంలో వెయ్యి మీటర్ల నీరు డిగ్రీలో పదో వంతు వేడెక్కినా ఉబ్బేది రెండు సెంటీమీటర్లు. నడి సముద్రం అలా ఎత్తయి, తీరం పల్లంగా ఉండిపోదు. నీరు అక్కడి నుంచి ఇక్కడికి ఒరుగుతుంది. ప్రపంచ సముద్రంలోకి కొత్తగా ఒక్క చుక్క చేరకపోయినా, తీరంలోని నిస్సారమైన నీటి అడుగున పీడనం పెరుగుతుంది. వేడి నడి సముద్రంలో, బరువు మన ఊళ్లో. 2024 లాంటి ఏళ్లను 'ఉత్త వేడే కదా, కొత్త నీరు కాదుగా' అని కొట్టిపారేయకూడదని నేననేది ఇందుకే.

కరిగే మంచు కూడా సమానంగా పంచదు. గ్రీన్‌లాండ్ మంచుకొండ తన బరువుతో చుట్టూ ఉన్న నీటిని లాక్కుని ఉంచుతుంది. అది కరిగితే ఆ పట్టు సడలి దగ్గరి సముద్రం దిగుతుంది, దూరపు సముద్రం సగటు కంటే ఎక్కువ లేస్తుంది. దూరపు సముద్రాల్లో మనదీ ఒకటి.

నేల మాటేమిటి?

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు మూడో ఖాతా బాగా తెలిసి ఉండాలి. వేసవి సెలవుల్లో మనం పిల్లల్ని తీసుకెళ్లే గాల్వెస్టన్‌లో 1904 నుంచి సముద్ర మట్టం కొలుస్తున్నారు. అక్కడి పెరుగుదల ఏడాదికి సుమారు 6.6 మిల్లీమీటర్లు. అదే గల్ఫ్ తీరంలో, ఫ్లోరిడాలోని పెన్సకోలాలో రెండున్నర చిల్లర. నీరు ఒకటే, తేడా నేలది. హ్యూస్టన్ చుట్టుపక్కల దశాబ్దాల పాటు భూగర్భ జలాలు, చమురు తోడేయడంతో నేల దిగిపోయింది. బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే కాలనీ పలు అడుగులు కుంగి, 1983లో అలీషియా హరికేన్ తర్వాత మనుషులుండే చోటు కాకుండా పోయింది. ఇప్పుడది పక్షులు చూసే పార్కు. అంతకు ముందే, 1975లో, టెక్సస్ శాసనసభ హారిస్-గాల్వెస్టన్ సబ్సిడెన్స్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పాటు చేసింది. దాని పని బోరు నీటిని అదుపు చేయడం, నేల ఎంత దిగుతోందో కొలిచి ప్రజలకు చెప్పడం. ఓడల కాలువ వైపు కుంగడం దాదాపు ఆగింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కేటీ వైపు ఇంకా ఆగలేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల పరిస్థితి దీనికి దూరం కాదు. డెల్టా నేల సహజంగానే కుంగుతుంది. ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడుస్తుంది. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతోంది. కృష్ణలోనైతే సముద్రానికి చేరేది పూర్వంతో పోలిస్తే పదో వంతు కూడా లేదు. కుంగుతున్న డెల్టాల మీద 2009లో వచ్చిన ప్రపంచ స్థాయి అధ్యయనంలో ఈ రెండూ ప్రమాదపు జాబితాలో ఉన్నాయి. ఆ పైన చేపల, రొయ్యల చెరువులకు బోర్లు, భూమి లోపలి నుంచి గ్యాస్. ఇవి హ్యూస్టన్‌లో ఏం చేశాయో చూశాం. మన దగ్గర ఎంత చేస్తున్నాయో మండలాల వారీగా కొలిచి చెప్పాలి.

ఉప్పాడనే తీసుకోండి. జాందానీ చీరల ఊరు. ఫొటోల్లో చూసి అందరూ సముద్ర మట్టం పెరిగిందంటారు. నిపుణులు మొదటి నుంచీ చెబుతున్నది ప్రధానంగా ఇసుక లెక్క. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు హోప్ ఐలాండ్, కాకినాడ రేవు కట్టడాలు అడ్డు. కొట్టుకుపోయిన ఇసుక స్థానంలో కొత్తది రాదు. పెరిగే మట్టం ఈ గాయాన్ని పెద్దది చేస్తుంది గానీ గాయం చేసింది అదొక్కటే కాదు. జియో ట్యూబ్ గోడ కట్టారు, అలలు దాన్ని చీల్చాయి, మళ్లీ గోడ మాటే నడుస్తోంది. ఇసుక రాని చోట గోడ ఎంత ఎత్తు కట్టినా దాని కాళ్ల కింద గుంట పడుతుందని ఇంజినీర్లందరికీ తెలుసు. ఓట్లకు గోడ కనిపిస్తుంది, ఇసుక కనిపించదు.

విశాఖ-భోగాపురం బీచ్ రోడ్డులో ప్లాట్ చూస్తున్న మిత్రులు తరచూ అడిగేది ఒకటే ప్రశ్న: 'మునుగుతుందా?' ఐపీసీసీ నివేదిక ఆధారంగా నాసా ఇచ్చిన లెక్కల్లో శతాబ్దాంతానికి విశాఖకు 1.77 అడుగులని 2021లో పత్రికలన్నీ రాశాయి. విశాఖ రాతి నేల. రెండడుగులను చాలా వరకు తట్టుకుంటుంది. అదే రెండడుగులు అంతర్వేది దగ్గరో, నాగాయలంక దగ్గరో వేరే అర్థం ఇస్తాయి. అక్కడ ఎత్తే తక్కువ, నేల దిగుతోంది, ఉప్పునీరు బోర్లలోకి వస్తోంది. విశాఖ గురించి వచ్చినన్ని శీర్షికలు ఆ ఊళ్ల గురించి రావు.

నేలను కొలిచే సాధనం ఇప్పుడు మన చేతిలోనే ఉంది. నాసా-ఇస్రో కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. పన్నెండు రోజులకోసారి అదే నేలను చూస్తుంది. దాని పొడవాటి రాడార్ తరంగం కొబ్బరి తోటల ఆకుల గుండా కిందికి దిగగలదు. కోనసీమకు ఇంతకంటే ఏం కావాలి. సముద్రం బరువు తూచే తర్వాతి జంట గ్రేస్-సి 2028లో వెళ్లాలి. నాసా సైన్స్ నిధులను దాదాపు సగానికి కోయాలని వైట్‌హౌస్ 2025లో ప్రతిపాదించినప్పుడు ఇలాంటి మిషన్లన్నింటి మీదా నీడ పడింది. కాంగ్రెస్ చాలా వరకు ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడు తిరుగుతున్న జంటకు వయసు మీద పడింది, అందులో ఒకదాని త్వరణ మాపకం మొదటి ఏడాదే మొరాయించింది. 2017 లాంటి ఖాళీ ఇంకోసారి వస్తే, ఆ ఏడాది వేడి ఎంత, మంచు ఎంత అని విడదీసి చెప్పడం చాలా కష్టమవుతుంది. మన కాంగ్రెస్ సభ్యులకు వీసాల గురించి ఉత్తరాలు రాస్తున్నాం కదా, ఓటున్నవాళ్లు ఇదొక వాక్యం కలిపితే పోయేదేమీ లేదు.

అటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడగవలసింది కొత్త గోడ కాదు. రెండు డెల్టాలకు గాల్వెస్టన్ తరహాలో ఒక సంస్థ, స్థిరమైన జీపీఎస్ స్తంభాలు, నైసార్ కొలతలతో మండలాల వారీగా నేల పటం, ఏటా తెలుగులో ప్రచురణ. నైసార్ డేటా ఉచితం. దాన్ని చదవగలిగే పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీలో, కాకినాడ జేఎన్‌టీయూలో ఉన్నారు. మన సంఘాలు ఏటా సభల వేదికలకు పెట్టే ఖర్చులో చిన్న ముక్కతో నలుగురు పరిశోధక విద్యార్థులకు మూడేళ్ల ఉపకార వేతనం వస్తుంది.